తొమ్మిది తూముల చెరువు

జులై 2

గొంతులో గడ్డ ఉందని డాక్టరు చెప్పగానే నాయిన అడిగిన మొదటి మాట, "బువ్వ తినొచ్చునా సార్?" అని. తినొచ్చన్నాడు డాక్టరు. ఇక తనకు సంబంధించిన విషయం అయిపోయినట్టు నాయిన గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

మిగతాది నేనే అడిగాను. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడు, మాట పోతుంది. మెడకు రంధ్రం పెడతారు, ఇక దానితోనే ఊపిరి. చేయకపోతే ఏడాది తిరిగేలోపు మనిషే ఉండడు. ఈ నెల 24కి తారీఖు ఇచ్చారు. ఇరవై రెండు రోజులు.

జూబ్లీ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కాం. హకీంపేట దాటాక నాయిన నోరు తెరిచాడు. "మరి బుచ్చవ్వకు ఏం జెప్పాలె?"

మా ఇంటికి రెండిళ్ల అవతలి బుచ్చవ్వకు ఎనభై దాటాయి. తను పోయిన రోజు నాయినే తత్వాలు పాడాలని పదేళ్లుగా మాట తీసుకుంటూనే ఉంది. భార్యాబిడ్డల గురించి దిగులు లేదు ఈయనకు, బుచ్చవ్వ పాట గురించి దిగులు. నాకు ఒళ్లు మండింది. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

జులై 3

నేను షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే లింగస్వామి బిడ్డనని ఎవరూ అనలేదు. బడిలో నా పేరు చావుపాటలోళ్ల రోజారాణి. చుట్టూ నాలుగూళ్లలో ఎవరు పోయినా కబురు ముందు మా ఇంటికే వచ్చేది. నాయిన తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరేవాడు, వెనకాల తాళాలు పట్టుకుని బక్కయ్య కాక. ఆడపిల్లలు చావు ఇంటికి పోవద్దని అమ్మ నన్ను పంపేది కాదు. నేనూ పోతానని గోల పెట్టిందేమీ లేదు. కాలేజీకి వచ్చాక ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాను. దూరం నుంచి వినపడే కాస్తా వినపడకుండా పోయింది.

ఇరవై తొమ్మిదేళ్లలో నాయిన పాట ఒక్కటి కూడా మొదటి నుంచి చివరి దాకా వినలేదు. ఇది ఎవరికీ చెప్పను.

జులై 4

రికార్డు చేస్తాను. అన్నీ. ఒక్కటి వదలకుండా.

తుర్కపల్లి ల్యాబులో ఆరేళ్లుగా నేను చేసే పని ఇదే కదా. ప్రతి పరీక్షకూ తేదీ, నంబరు, సంతకం. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. నాయిన పాటలకు కూడా ఒక ఫోల్డర్ తెరిచాను, నంబర్లు వేశాను. ఇంత తేలికైన పని ఇన్నేళ్లు ఎందుకు చేయలేదో.

రాత్రి అన్నం దగ్గర చెప్పాను. అమ్మ గరిటె పక్కన పెట్టేసింది. "ఇంట్ల ఎవ్వలు సచ్చిండ్రని పాడుతడే ఆ పాటలు? నీకేమన్న తల్కాయ పనిజేస్తాందా?"

అమ్మ కస్సుమనడం మామూలే. నాయిన కూడా తల అడ్డంగా ఊపాడు. పీనుగ లేని ఇంట్లో ఆ పాట ఎత్తకూడదట. ఎత్తితే ఆ ఇంటికి మంచిది కాదట.

జులై 5

క్యాబ్‌లో సాయిప్రియకు చెప్పాను. ల్యాబులో నా పక్క సీటు. వాళ్లది భీమవరం వైపు. లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర కొత్త కాలనీలో ఉంటారు. "మా ఇంటికి తీసుకురా రోజా, మా చిన్నగది చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. మా ఆయన ఆఫీసు కాల్స్ అందులోనే మాట్లాడతారు," అంది. మంచి మనసు.

నాయినకు చెబితే భయపడ్డాడు. "ఆ బిడ్డ పిల్లలుగల్లది. పచ్చని ఇంట్ల నేను గా నోరు దెరుస్తనా?"

"మరి యాడ పాడుతవ్? రోడ్డు మీదనా?"

చాలాసేపు బీడీ లేని వేళ్లు రుద్దుకున్నాడు. డాక్టరు బీడీ మాన్పించాడు. తర్వాత అన్నాడు, "చెర్ల పాడుత. నీళ్లకు గడప లేదు గదా."

జులై 6, ఆదివారం

పొద్దున ఆరింటికి చెరువుకు వెళ్లాం. వానాకాలం చేపల వేట బందు కాబట్టి తెప్పలన్నీ ఒడ్డున పడి ఉన్నాయి. థర్మకోల్ పలకలకు గోనెపట్టా కుట్టిన తెప్ప మాది. నాయిన ఒక్కడు కూర్చుంటే బుద్ధిగా తేలుతుంది, నేనెక్కాక ఆలోచనలో పడింది. ఫోన్‌ను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి మెడలో వేలాడదీసుకున్నాను.

"బక్కయ్యను గూడ తోల్కరావాల్సిండె," అన్నాడు నాయిన తెడ్డు వేస్తూ.

"మనిద్దరికే కింద తడుస్తాంది. ముగ్గురా?"

చెరువు నడుమకు వచ్చాక నాయిన తెడ్డు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను ఫోన్ ఆన్ చేసి తేదీ, పాట నంబరు ఒకటి అని చెప్పాను. ల్యాబు అలవాటు.

తర్వాత ఏం జరిగిందో సరిగ్గా రాయగలనో లేదో. అది మా ఇంట్లో చాయ్ అడిగే గొంతు కాదు. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు వచ్చే మనిషి, గడ్డ ఉన్న గొంతు, అందులోంచి అంత పెద్ద పాట ఎలా వచ్చింది? నీళ్ల మీదుగా అవతలి గట్టు దాకా పోయింది. గట్టు మీద గేదెలు తోలుకుపోతున్న ఒకాయన నిలబడిపోయాడు. భయం వేసింది. ఈయన మా నాయినేనా అనిపించింది, ఇన్నేళ్లు ఈయన పక్కనే అన్నం తిన్నానా అనిపించింది.

తొమ్మిది తూముల చెరువమ్మా ఇది
కనబడనోడే కట్ట గట్టె గద
నిండిన నాడే దెంచినాడమ్మా
యాడికీ బోలే, చేలు దాగినయి

ఒక్కో వరుస పాడి ఆగిపోయేవాడు. నాలుగైదు సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తల వంచి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని. పాపం, ఆయాసం. ఆగినప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడింది. ఇంక చాలు నాయినా అనాలనుకున్నాను, అనలేదు. ఇంకా వినాలని ఉంది నాకు. స్వార్థమే.

అయిపోయాక అర్థం అడిగాను. "చెరువంటె ఈ ఒళ్లు బిడ్డా. తొమ్మిది తూములు జూస్కో," అని కళ్లు, చెవులు చూపించాడు. మిగతావి చూపించకుండా నవ్వాడు. "కట్ట దెగితె నీళ్లు యాడికి బోతయి? చేలే తాగుతయి."

ఈ పాట ఆయనకు నేర్పిన మనిషికి ఎవరు నేర్పారో ఆయనకు తెలియదట. ఎన్ని వందల చావుల మీదుగా నడిచి నా దాకా వచ్చిందో ఇది. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను.

జులై 7

ల్యాబులో రోజంతా చెవుల్లో అదే. రెండుసార్లు నంబరు తప్పు రాసి కొట్టేసి సంతకం పెట్టాల్సి వచ్చింది.

జులై 10

సాయిప్రియకు క్యాబ్‌లో ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. అలియాబాద్ దాకా వింది. తర్వాత, "నాకు సగం మాటలు అర్థం కాలేదు. మా తాతగారు గుర్తొచ్చారు. ఎందుకో తెలీదు," అని ముక్కు తుడుచుకుంది. ముందు సీట్లో పాతికేళ్ల కుర్రాడు ఏం పాటో అని అడిగి విన్నాడు. పది సెకన్లు. "బాగుంది మేడమ్, కానీ బీట్ లేదు," అని తిరిగి ఇచ్చేశాడు. వాడి మీద కోపం తెచ్చుకోబోయాను. నెల క్రితం నేనైతే పది సెకన్లు కూడా వినేదాన్ని కాదు.

జులై 13, ఆదివారం

పద్నాలుగు పాటలు అయ్యాయి. ఇక గొంతు సహకరించడం లేదు.

ఆయన అలా ఆగిపోవడం వినలేకపోతున్నాను. పాట మధ్యలో ఖాళీ రాగానే ఆసుపత్రి గుర్తొస్తుంది. ఖాళీలు వాటంతట అవే తీసేసే యాప్ ఒకటి ఉందని సాయిప్రియ చెప్పింది. వేసి చూశాను. పదకొండు నిమిషాల పాట ఏడు నిమిషాలకు వచ్చింది. ఎక్కడా ఆయాసం లేదు, దగ్గు లేదు. జబ్బే లేని నాయిన. మూడుసార్లు విన్నాను, ఎంత హాయిగా ఉందో.

పద్నాలుగూ అలాగే చేశాను. ఫోన్లో జాగా చాలడం లేదని పాతవి తీసేశాను. ల్యాబులో అసలు రికార్డు చెరిపితే ఉద్యోగం పోతుంది. కానీ ఇది ల్యాబు కాదు.

జులై 16

బుచ్చవ్వకు వినిపిద్దామని వెళ్లాను. మంచంలో ముడుచుకుని ఉంది. సంగతి చెప్పగానే ఫోన్‌ను చేత్తో తోసేసింది. "నా పాట నేనే ఇంటనా? అయ్యో పిచ్చిపిల్లా. నేను పోయినంక నలుగురు ఇనాలె."

"నాయిన గొంతు ఉండదవ్వా అప్పుడు."

"గదంతా నాకు దెల్వది. మీ నాయిన నాకు మాటిచ్చిండు."

మొండి ముసలిది. వాళ్ల మనవడు కుమార్ బయట బండి తుడుస్తున్నాడు. వినాయకచవితికి డీజే బుక్ చేయాలని ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బేస్ ఎంత ఉంటదన్నా, అని.

జులై 19

ఈ రోజు నాయిన అన్నాడు, "ఫోన్ పక్కన వెట్టి నువ్వు ఎత్తు ఒకపారి."

తెప్ప మీదే ఉన్నాం. పాడడానికి కాదు, ఊరికే వచ్చాం. నవ్వు వచ్చింది నాకు. "ఆడోళ్లు ఎత్తుతరా నాయినా?"

"సచ్చేటోళ్లల్ల ఆడోళ్లు లేరా?"

ఒక్క వరుస అన్నాను. నా గొంతు నాకే దోమ గొంతులా వినపడింది. ఆపేశాను. ఆపగానే నాయిన నా వైపు చూస్తూ ఏదో చెప్పబోయాడు, దగ్గు పట్టుకుంది. నీళ్లు తాగించాను. "ఫోన్ల ఉన్నయ్ గద. పరేషాన్ గాకు," అన్నాను. నాకు పాటలన్నీ నోటికి వచ్చేశాయి, అది వేరే విషయం. అన్నిసార్లు విన్నాక రావా?

జులై 23

రేపటి నుంచి మాట ఉండదు కదా, ఈ రోజు ఎక్కువ మాట్లాడతాడనుకున్నాను. ఎప్పటిలాగే ఉన్నాడు. ఆసుపత్రి మంచం మీద కూర్చుని చాయ్ తాగి, "చక్కెర తక్కువైంది," అన్నాడు. తర్వాత నర్సు వచ్చి ఇంకేమీ తాగొద్దంది.

అంతే. చక్కెర తక్కువైంది.

జులై 24

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు.

ఆగస్టు 4

కాస్త కోలుకున్నాడు కదా అని ఆసుపత్రిలోనే ఇయర్‌ఫోన్ పెట్టి మొదటి పాట వినిపించాను. అరనిమిషం విని ముఖం ముడుచుకున్నాడు. ఇయర్‌ఫోన్ తీసేశాడు. రెండు అరచేతులూ ఎడంగా పెట్టి, మధ్యలో ఏదో చూపిస్తున్నట్టు ఊపాడు. మళ్లీ మళ్లీ అదే. నాయినకు సంతకం తప్ప రాయడం రాదు. ఏం కావాలి, మంచం జరపాలా, అమ్మను పిలవాలా అంటే చేయి విదిల్చి అటు తిరిగి పడుకున్నాడు.

పోయిన గొంతు వినడం కష్టమే మరి. నేనే తొందరపడ్డాను. ఇంక వినిపించను.

ఆగస్టు 17

ఇంట్లో ఉన్నాడు. మెడకు తెల్ల గుడ్డ. అమ్మను పిలవాలంటే గ్లాసు మీద చెంచాతో కొడతాడు. "ముప్పై ఏండ్లు ఏమే అని పిలిశిండు, ఇగ ఇప్పుడు పూజారి లెక్క గంట కొడ్తాండు," అంటుంది అమ్మ. గొణుగుతూనే ఒక్క పిలుపుకే వస్తుంది. ఇదివరకు నాలుగు పిలుపులకు గానీ వచ్చేది కాదు.

ఆగస్టు 31

బుచ్చవ్వ పోయింది. తెల్లవారుజామున, నిద్రలోనే.

సెప్టెంబర్ 1

నిన్న పాడాను.

సెప్టెంబర్ 2

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాను. ఈ రోజు సెలవు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ల్యాబులో రాసినట్టు.

మొన్న ఏడింటికల్లా కుమార్ మా ఇంటికి వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గల్లీ చివర వినాయకుడి మండపంలో డీజే ఆపించేశాడు. "అక్కా, అవ్వకు మీ బాపు మాటిచ్చిండంట. ఎట్ల మరి?" అన్నాడు. నేను ఫోన్ చూపించాను. వాడి ముఖం వెలిగింది. "మండపం కాడి పెద్ద డబ్బా తెస్త. మస్తు వస్తది సౌండు."

మా ఆలోచన మా ఇద్దరికీ చాలా గొప్పగా తోచింది. నిజం రాయాలి కదా.

బుచ్చవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. ముప్పై మంది దాకా ఉన్నారు. ఆడవాళ్లు ఒక పక్క, బక్కయ్య కాక తాళాలు పట్టుకుని తలాపున. నాయినను అమ్మ చేయి పట్టుకుని తెచ్చి గోడ పక్కన కూర్చోబెట్టింది. నేను చావు ఇంటి వాకిట్లో నిలబడడం అదే మొదటిసారి.

పాట పెట్టాను. నాయిన గొంతు ఆ డబ్బాలోంచి లేచేసరికి ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగారు. అందరూ నాయిన వైపు తిరిగి చూశారు. మెడకు గుడ్డ కట్టుకున్న మనిషి అక్కడ, గొంతు ఇక్కడ. నాకు గర్వంతో కడుపు నిండింది.

మొదటి వరుస అయింది. బక్కయ్య కాక తాళం కొట్టి నోరు తెరిచాడు. "ఎవ్వరు గట్టిరి..." అన్నాడో లేదో, నాయిన రెండో వరుసలోకి వెళ్లిపోయాడు. కాక ఆగిపోయాడు. రెండో వరుస అయ్యాక మళ్లీ అందుకున్నాడు, ఈసారి ముసలవ్వలు కూడా. మళ్లీ నాయిన పాట వాళ్ల మీద నుంచి పోయింది. మూడోసారి ఎవరూ నోరు తెరవలేదు. తాళం ఆగింది. అందరూ డబ్బా వైపు చూస్తున్నారు.

"లింగడు గిట్ల పాడడు," అన్నాడు బక్కయ్య కాక నెమ్మదిగా. "ఎన్నడన్న మనల దాటి పోయిండా? మనం అడుగకముందే జెప్పిండా?"

అప్పుడు తెలిసింది నాకు. తెప్ప మీద నాయిన ఆగినప్పుడల్లా అక్కడ లేని వాళ్ల కోసం ఆగాడు. వాళ్లు పాడాల్సినంతసేపూ మనసులో లెక్కపెట్టుకుని, వాళ్ల వంతు అయ్యాకే తన వరుస ఎత్తాడు. వాళ్లది తాను పాడలేదు, అది తనది కాదు కాబట్టి. ఆసుపత్రిలో రెండు అరచేతుల మధ్య ఆయన చూపించింది దాన్నే. నేను దాన్ని జబ్బు అనుకుని పద్నాలుగు పాటల్లోంచీ కోసి పారేశాను. నాయిన గొంతు పోగొట్టింది డాక్టరు కాదు, నేను.

నాయిన గోడ పట్టుకుని లేచాడు. మెల్లగా నడిచి వచ్చి డబ్బా వైరు పీకేశాడు. నన్ను తిడతాడనుకున్నాను, ఎలా తిడతాడు? బక్కయ్య కాక చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు, బుచ్చవ్వ తలాపున కూర్చున్నాడు, తన పక్కన నేల మీద అరచేత్తో తట్టాడు. కూర్చో అని.

"నాతోటి గాదు నాయినా."

మళ్లీ తట్టాడు. అమ్మ దూరం నుంచి చూస్తోంది. వద్దంటుందేమో, ఆడపిల్ల అంటుందేమో అనుకున్నాను. "అవ్వకు ఎండ దాకుతాంది," అంది అమ్మ. "జల్దీ ఎత్తు."

కూర్చున్నాను. నాయిన తాళం కొట్టాడు. తొమ్మిది తూముల చెరువమ్మా ఇది, అని ఎత్తాను. అదే దోమ గొంతు. వరుస చివర ఆగాను. ఆగడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పలేను. ఎవరూ అందుకోకపోతే? ఆ ఖాళీలో నేనొక్కదాన్నే మిగిలిపోతే?

ఎవ్వరు గట్టిరి కట్ట?

ముప్పై గొంతులు. బక్కయ్య కాక, ముసలవ్వలు, ఎప్పుడూ ధరల గురించి తప్ప మాట్లాడని కిరాణా కొట్టాయన, అందరూ. నా వీపును ఎవరో అరచేతులతో పట్టుకుని నిలబెట్టినట్టయింది. ఆ బలంతో రెండో వరుస వచ్చింది, నాకు తెలియకుండానే గట్టిగా. ఎన్నడు దెంచెను కట్ట, అని మళ్లీ అడిగారు. ఈసారి కుమార్ కూడా పాడాడు. మాటలు రాక చివరి ముక్క మాత్రమే అందుకున్నాడు, అయినా పాడాడు. ఏడుస్తూనే. ఒక మనిషి పాడే పాట కాదిది. ఒకరు ఎత్తితే ఊరు అడిగే పాట. యాభై ఏళ్లు నాయిన ఇంతమంది మధ్యలో కూర్చుని ఉన్నాడు. నేను ఆయన్ని ఒంటరిగా చెరువు నడుమకు తీసుకెళ్లి పాడించాను. ఇంత పెద్దది నా వాకిలి ముందే ఉండగా నేను దేని కోసం తిరిగానో.

నిండిన నాడే దెంచినాడమ్మా, అని ఆగి పక్కకు చూశాను. నాయిన తాళం కొడుతూ నన్నే చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. కానీ పెదాల మీద మాట స్పష్టంగా కనిపిస్తోంది. అది తన వరుస కాదు, వాళ్లది. జీవితంలో ఒక్కసారి కూడా తన నోటితో అననిది. అందరితో పాటు నాయిన నన్ను అడుగుతున్నాడు, ఎక్కడ బోయెను నీళ్లు, అని.

యాడికీ బోలే నాయినా, అన్నాను. పాటలో నాయినా అని లేదు. చేలు దాగినయి.